ఇంట్ల ఎవరున్నరు?

నేను ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఇంగ్లిషులో ఏ వాక్యం మనసులో అనుకున్నా నా తలలో వినిపించేది నా గొంతు కాదు, ఆమెది. కొంచెం బొంగురుగా, చివరి మాటను ఒత్తి, మధ్యలో నవ్వును ఆపుకుంటున్నట్టు పలికే గొంతు. నేను ఇంగ్లిష్ చెప్పి జీతం తీసుకునే మనిషిని. ఆమె నాకు చదువు చెప్పిన టీచరు కాదు. హాస్టల్లో నా పక్క మంచం ఆమెది, అంతే. నాకంటే ఎక్కువ తప్పులు మాట్లాడేది. అయినా గొంతు మాత్రం ఆమెదే. డైరీలో కూర వాసన దగ్గర నుంచి కల దాకా అన్నీ రాసుకుంటాను గానీ ఇది మాత్రం రాయబుద్ధి కాలేదు. రాస్తే ఒప్పుకున్నట్టవుతుందని.

ఈ వారం రాయక తప్పలేదు.

మా బళ్లో ఆరో తరగతికి కొత్తమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్నకు బ్యాంకులో బదిలీ అయి ఆదిలాబాద్ దగ్గరి ఉట్నూరు నుంచి కరీంనగర్ వచ్చారు. ఆ రోజు పాఠం, వాక్యంలో కర్తకూ క్రియకూ పొత్తు కుదరడం గురించి. కర్త ఒక్కటైతే ఈజ్, ఎక్కువైతే ఆర్. చెప్పడానికి చిన్న మాటే గానీ పిల్లలు అందులోనే జారిపడతారు. బోర్డు మీద ‘ద బాక్స్ ఆఫ్ బ్యాంగిల్స్’ అని రాసి, పక్కన ఖాళీ వదిలి, ఇక్కడ ఏం రావాలి అని అడిగాను. సగం తరగతి ‘ఆర్’ అని అరిచింది. గాజులు చాలా ఉంటాయి కదా మరి. కొత్తమ్మాయి అరవలేదు. వేళ్ల కణుపులతో బల్ల మీద టక్ టక్‌మని తట్టి, తల కాస్త పక్కకు వంచి, లోపలి నుంచి ఎవరో వస్తున్నట్టు ఆగింది. అప్పుడు చెప్పింది, “ఈజ్, మేడం.”

నా చేతిలో చాక్‌పీసు బోర్డు మీదే ఆగిపోయింది.

“బల్ల ఎందుకు కొట్టినవ్?”

“ఇంట్ల ఎవరున్నరో చూసిన మేడం. పెట్టె వచ్చి తలుపు తీసింది. గాజులు లోపల్నే ఉన్నయి, బయటికి రాలే.”

“ఇట్ల ఎవరు చెప్పిన్రు?”

“మా ఉట్నూరు మేడం.” పిల్ల మొహమంతా విప్పారింది. “ఆ మేడం మస్తు నవ్విస్తుండె.”

ఆ మేడం పేరేమిటని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. తర్వాతి వాక్యానికి మాత్రం, “బల్ల కొట్టకుండ చెప్పు” అన్నాను. ఆ పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని, నా మొహం చూసి, తప్పు చెప్పింది.

కరీంనగర్ మంకమ్మతోటలో అప్పట్లో మేమున్న లేడీస్ హాస్టల్లో ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. ఊరి పేరే పేరు. నేను సిరిసిల్ల. మా గదిలోనే ఉండే ఇంకొకామె హుస్నాబాద్. ఆమె ఆదిలాబాద్. నిజానికి ఆమెది ఆదిలాబాద్ కూడా కాదు, ఇంకా పైన, పెన్‌గంగ ఒడ్డున ఒక పత్తి ఊరు. ఏరు దాటితే మహారాష్ట్ర. గదిలోకి వస్తూనే “కాయ్ ఝాలా?” అని మరాఠీలో అడిగేది, ఏమైంది అని. ఏమీ కాకపోయినా అడిగేది. ఎవరి మంచం కనిపిస్తే వాళ్ల మంచం మీద కూర్చునేది. మా అవ్వ, అంటే మా అమ్మ, పంపిన పచ్చడి డబ్బా మూత నాకంటే ముందు ఆమే తీసేది. తీసి, అందరికీ పెట్టి, చివరికి నాకే మర్యాద చేసేది. “తిను సిరిసిల్లా, నీ ఇల్లే అనుకో.”

మేమంతా టీచరు ఉద్యోగాల కోచింగ్‌కు వచ్చినవాళ్లం. గ్రామర్ పుస్తకం నేను కుట్టు ఊడేదాకా చదివాను. నియమాలు తెలుసు, ఆ నియమాలకు లొంగనివి కూడా తెలుసు. కోచింగ్‌లో సారు ప్రశ్న అడిగితే జవాబు నా నాలుక దాకా వచ్చి అక్కడ కూర్చునేది. మా ఇంట్లో పొద్దస్తమానం సాంచాల చప్పుడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఆ చప్పుడులో పెరిగినవాళ్లు గట్టిగా మాట్లాడతారని అందరూ అంటారు. మా అన్న అట్లాగే మాట్లాడతాడు. నేను మాత్రం చప్పుడు ఆగేదాకా ఆగడం నేర్చుకున్నాను. కరెంటు పోయినప్పుడు మాట్లాడేదాన్ని. కోచింగ్ క్లాసులో కరెంటు పోయేది కాదు.

ఆమె మాత్రం తెలిసినా తెలియకపోయినా చెయ్యెత్తేది. తప్పు చెప్పేది. సారు నవ్వేవాడు, క్లాసు నవ్వేది, అందరికంటే ముందు ఆమే నవ్వేది. ఆ నవ్వులో నియమం అందరికీ గుర్తుండిపోయేది. నేను ఊరుకోలేక ఒక్కోసారి పక్క నుంచి సరైన జవాబు గొణిగేదాన్ని. ఆమె వెంటనే లేచి, “సిరిసిల్ల చెప్తుంది సార్, ఈజ్ అంట!” అని అరిచేది. నా జవాబు దొంగిలించిందని బాధపడే వీలు కూడా ఇచ్చేది కాదు. పేరు నాకే ఇచ్చేది. గొంతు ఆమెది.

బల్ల తట్టడం ఆమె ఎక్కడ పట్టిందో తెలియదు. వాక్యం ఒక ఇల్లనేది. ఎంత పెద్ద వాక్యమైనా బయట నిలబడి రెండుసార్లు తట్టి, “ఇంట్ల ఎవరున్నరు?” అని అడగాలట. వచ్చి తలుపు తీసినవాళ్లే ఇంటి మనిషి. వాళ్లు ఒక్కరైతే ఈజ్, మంది అయితే ఆర్. లోపల ఎందరు చుట్టాలున్నా మనకు పని లేదు. పుస్తకంలో రెండు పేజీలు ఉన్న సంగతి ఇంతే. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత రాత్రి భోజనానికి వెళ్తే, వంటక్క గరిటెతో గిన్నె అంచు మీద తట్టి, “రైస్ ఆర్ రెడీ” అంటోంది.

“ఆర్ కాదక్కా, ఈజ్” అంది ఆదిలాబాద్.

“ఎట్లనే పిల్లా? గిన్నెల ఎన్ని మెతుకులున్నయో చూస్తలేవా? మంది గాదా?”

“ఇంగ్లిషోడు బువ్వ తింటడా అక్కా? రొట్టె తింటడు. గాడు మెతుకులు లెక్కపెట్టలే, అన్నిటికి కలిపి ఒక్కటే ఇల్లు కట్టిండు.”

వంటక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్విందంటే, వడ్డించడం మరిచిపోయింది. ఆ వంటక్క నాతో ‘ఇంకింత పెట్టాల్నా’ అన్న మాట తప్ప మరో మాట మాట్లాడింది లేదు. ఆ రోజు నేను పెరుగు వేయించుకోకుండానే లేచాను. ఎవరూ గమనించలేదు.

ఆమె ఇంగ్లిషులో ఒక తప్పు నాకు ప్రత్యేకంగా నచ్చేది. నచ్చడమంటే, అది విన్నప్పుడల్లా నాకు కాస్త చల్లగా ఉండేది. “అవర్ వార్డెన్ ఆర్ స్లీపింగ్” అనేది.

హుస్నాబాద్ పట్టుకునేది. “ఏందే, మనకు వార్డెన్లు ఎంతమందే?”

“ఒక్కతే. పెద్దమనిషిని ఒక్కతంటె ఎట్లనే? తెలుగుల ‘మేడం వచ్చిన్రు’ అంటమా, ‘వచ్చింది’ అంటమా? మర్యాదకు మందిని చేసిన.”

అందరినీ తలుపు తట్టమనే మనిషికి పెద్దవాళ్ల దగ్గరికొస్తే నియమం తెలియదు. సరే, నాకు తెలిసినది ఒక్కటైనా ఆమెకు తెలియదు అనుకున్నాను.

మా బాపు ఒకసారి నన్ను చూడటానికి వచ్చాడు. మగవాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి గేటు దగ్గర అరుగు మీద కూర్చున్నాడు. నేను, బాపు ఎప్పటిలాగే ‘తిన్నవా’, ‘తిన్న’ అనుకుని ఊరుకున్నాం. ఆమె బజారు నుంచి వస్తూ ఆగి, చెప్పులు విడిచి, అరుగు మీద ఆయన పక్కనే కూర్చుంది. “బాపూ, సాంచ నడుస్తుంటె పోగు తెగింది మీకెట్ల ఎరుకైతది? చప్పుడు మారుతదా?” అని అడిగింది. నేను పుట్టి ఇన్నేళ్లలో అడగని ప్రశ్న. బాపు చేతులు గాలిలో తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు. చప్పుడు మారదట, వేలి కొసలకు ముందే తెలుస్తుందట. యజమాని ఎట్లా మాట్లాడతాడో నటించి చూపించాడు. మా బాపు నటిస్తాడని నాకు తెలియదు. బస్సు టైం అయ్యేదాకా నవ్వుతూనే ఉన్నాడు. వెళ్లేముందు నన్ను పక్కకు పిలిచాడు. నాకేదో చెబుతాడనుకున్నాను.

“గా పిల్ల మంచిగ మాట్లాడుతది” అన్నాడు.

ఆ వాక్యానికి కర్త ఎవరో తెలుసుకోవడానికి నేను ఏ తలుపూ తట్టక్కర్లేదు.

ఆ ఏడు ఎండాకాలం సెలవుల్లో, ఇప్పుడు నేను పనిచేస్తున్న ఈ బళ్లో ఇంగ్లిష్ పోస్టు పడింది. ఒక్కటే పోస్టు. హాస్టల్ నుంచి ఆమె, నేను వెళ్లాం. అంతకుముందే బాపు ఫోన్లో చెప్పాడు, “గిది కాకపోతె ఇంటికి రా బిడ్డా, కండెలు చుట్టుకుంట చదువుకుందువు.” సాంచాలకు నూలు కండెలు చుట్టుకుంటూ ఎవరూ చదవలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అవ్వ వేములవాడ రాజన్నకు కోడె కడతానని మొక్కుకుంది.

ప్రైవేటు బళ్లలో ఉద్యోగానికి డెమో చెప్పించడం మామూలే. సెలవుల్లో పిల్లలుండరు కాబట్టి పోటీకి వచ్చినవాళ్లే పిల్లల్లా బెంచీల మీద కూర్చోవాలి. ఒకరు పాఠం చెబుతుంటే, ఆ ఉద్యోగమే కావాల్సిన మిగతావాళ్లంతా చేతులు కట్టుకుని వింటారు. ఇట్లా కూర్చున్నవాళ్లు ఎట్లా ఉంటారో ఊహించుకోవచ్చు. కొందరు రాయిలా కూర్చుంటారు. కొందరు మధ్యలో లేచి మెలిక డౌటు ఒకటి అడిగి, చెప్పేవాళ్లను తడబడేట్టు చేస్తారు. అందులో తప్పేమీ లేదని అందరూ అనుకుంటారు. పిల్లలు అడగరా మరి అంటారు.

ఆమె వంతు ముందొచ్చింది. బోర్డునే తలుపులా తట్టింది. రాయిలా కూర్చున్నవాళ్లు కూడా కాసేపటికి బెంచీలు తట్టారు. మార్కులు వేయడానికి పెద్దసారు పక్కన కూర్చున్న ఒక పెద్ద మేడం, కళ్లజోడు తీసి నవ్వి, తనూ పెన్నుతో టేబుల్ తట్టింది. ఇక అయిపోయిందనుకున్నాను. కండెలు కళ్ల ముందు తిరిగాయి. చివర్లో ఆ మేడమే, మీ ఇంటి గురించి ఇంగ్లిషులో చెప్పమంది. ఆమె గబగబా, “మై ఫాదర్ అండ్ మదర్ ఈజ్ ఫార్మర్స్” అంది. మేడం నవ్వు ఆపి కాగితం మీద ఏదో రాసుకుంది. నేను చూశాను. నాకు ఊపిరి వచ్చింది.

తర్వాత నా వంతు. బోర్డు మీద పాఠం పేరు అందంగా రాశాను. వెనక్కు తిరిగాను. గొంతు రాలేదు. పెదవులు కదిలాయో లేదో కూడా తెలియదు. ఫ్యాను తిరుగుతోంది. పెద్దసారు, అంటే ఈ బడి హెడ్ మాస్టరు, గడియారం చూసుకున్నాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను మళ్లీ బోర్డు వైపు తిరిగి, రాసిన అక్షరాల కిందే గీత గీశాను. ఆ గీత మీద ఇంకో గీత.

“మేడం! ఒక డౌటు!”

ఆమె. చివరి బెంచీలో లేచి నిలబడింది. నన్ను పడగొట్టడానికే లేచిందని గదిలో అందరూ అనుకున్నారు. నేను కూడా.

“ది హెడ్ మాస్టర్ ఆర్ కమింగ్. కరెక్టేనా మేడం?”

“తప్పు” అన్నాను.

“ఇనపడలే మేడం.”

“తప్పు. ఈజ్ అనాలి.”

“ఎట్లంటరు మేడం? పెద్దమనిషాయె. ఒక్కడన్నట్టు మాట్లాడితె మర్యాద పోదా? ఇగో, సారు ఈడనే కూసున్నరు. ఏమనుకుంటరు?”

గదంతా గొల్లుమంది. పెద్దసారు కూడా నవ్వాడు. నాకు ఎక్కడిదో కోపం వచ్చింది. ఇన్ని నెలలు విన్న తప్పు అది.

“ఇంగ్లిషుల మర్యాద క్రియల ఉండదు!” అన్నాను. “పిలిచే పిలుపుల ఉంటది. ఆఫీసరైనా అటెండరైనా ఒక్కరైతె ఈజే.”

“గట్లయితె రాజు?”

“రాజు కూడ ఈజే.”

“మా ఎమ్మెల్యే?”

“ఆయన కూడ!”

“వేములవాడ రాజన్న?”

“దేవుడైనా ఈజే!” అని అరిచాను. నా గొంతు గోడకు తగిలి నా దగ్గరికే తిరిగొచ్చింది. అందరూ నవ్వుతున్నారు, నన్ను చూసి కాదు, నాతో. ఆమె “సరే మేడం, దేవునికే తప్పలేదంటె నాకేం ఫికర్” అని కూర్చుంది. ఆ తర్వాత పాఠం నా వెనకాల ఎవరో తోసినట్టు నడిచింది. తెలుగులో మనం పెద్దవాళ్లకు బహువచనం ఎందుకు పెడతామో, ఇంగ్లిషుకు ఆ అలవాటు ఎందుకు లేదో, అంతా చెప్పాను. టైం అయిందని పెద్దసారే ఆపాల్సి వచ్చింది.

ఉద్యోగం నాకొచ్చింది. పెద్దసారు ఫోన్లో, “మీ ఇంగ్లిషుల తప్పుల్లేవమ్మా. ఆ ఆదిలాబాద్ అమ్మాయి హుషారే గానీ...” అని ఆపేశాడు. ఆమె నన్ను నడుం పట్టుకుని గిరగిరా తిప్పింది. హాస్టల్ అంతా తిరిగి చెప్పింది. వంటక్క ఆ రోజు నాకు అడగకుండానే పెరుగు వేసింది. అదీ ఆమె వల్లే.

నేను మాత్రం ఒక్క సంగతి దగ్గర ఇరుక్కుపోయాను. ఆ డౌటు నిజంగా డౌటేనా? వార్డెన్‌ను మందిని చేసే మనిషి, నిజంగానే తెలియక అడిగి ఉంటే ఉద్యోగం నేను గెలుచుకున్నాను. తెలిసి అడిగి ఉంటే అది ఆమె నా చేతిలో పెట్టిన ఉద్యోగం. ఒక మనిషి మీద ఈర్ష్య పడటం ఒక రకం కష్టం. ఆ మనిషే పెట్టింది తింటూ ఈర్ష్య పడటం ఇంకో రకం. ఆమె సామాను సర్దుకునేదాకా అడుగుదామనుకుంటూనే ఉన్నాను. ప్రశ్న నాలుక దాకా వచ్చి అక్కడ కూర్చునేది.

ఇప్పుడు నా ఆరో తరగతి అంతా బల్లలు తడుతోంది. కొత్తమ్మాయిని ఒక్కరోజు మించి ఆపలేకపోయాను. ఆపితే తప్పులు చెబుతోంది, తడితే సరిగ్గా చెబుతోంది. పక్క పిల్ల పట్టుకుంది, ఆ పిల్లను చూసి ఇంకో పిల్ల పట్టుకుంది. నిన్న పెద్దసారు వరండాలో పోతూ చప్పుడు విని గుమ్మం దగ్గర ఆగాడు. కోప్పడతాడనుకున్నాను. కాసేపు చూసి నవ్వాడు.

“అప్పుడు డెమోకు ఒకామె వచ్చి గిట్లనే బోర్డు తట్టింది కదమ్మా. యాదికున్నదా మీకు?”

“ఉన్నది సార్.”

“ఆమెను గూడ తీసుకోవాల్సుండె” అని, చేతులు వెనక్కు కట్టుకుని వెళ్లిపోయాడు. నా ఇన్నేళ్ల తప్పుల్లేని ఇంగ్లిష్ గురించి ఆయన ఎప్పుడూ అట్లా ఆగి మాట్లాడలేదు. అంతసేపూ పిల్లలు తడుతూనే ఉన్నారు. వాళ్ల మొహాలు చూస్తే ఉట్నూరులో ఆమె ముందు కూర్చున్న పిల్లలు ఎట్లా ఉంటారో తెలిసిపోయింది. వాళ్ల మీద కూడా నాకు ఈర్ష్యగానే ఉంది.

ఆమె హాస్టల్ ఖాళీ చేసిన పొద్దున సంచి నేనే మోశాను. కరీంనగర్ బస్టాండులో ఆదిలాబాద్ బస్సు అప్పటికే కదలడానికి సిద్ధంగా ఉంది. ఆమె ఎక్కి, కిటికీ పక్క సీటు పట్టి, నాలుగు నిమిషాల్లోనే పక్కన కూర్చున్న ముసలామె ఒళ్లోని మేకపిల్లకు పేరు పెట్టేసింది. నేను కింద నిలబడ్డాను. డ్రైవరు ఇంజను చప్పుడు పెంచాడు.

“ఆ రోజు నువ్వు...” అన్నాను.

“ఏంది? ఇనపడ్తలేదు!”

“డెమోల... హెడ్ మాస్టర్...”

“జర గట్టిగ చెప్పవే!”

బస్సు వెనక్కు కదిలింది. నేను దాంతో పాటు నడిచాను. కండక్టరు విజిల్, మైకులో అనౌన్సుమెంటు, సోడాబండి గంట, అన్నీ ఒక్కసారే మోగుతున్నాయి. మా ఇంటి సాంచాల కంటే ఎక్కువ చప్పుడు. ఇది ఆగేదాకా ఆగితే బస్సు ఉండదు.

“ఆ రోజు తెల్వక అడిగినవా, తెలిసే అడిగినవా?” అని గొంతు చించుకుని అరిచాను.

ప్లాట్‌ఫారం మీదివాళ్లు తిరిగి చూశారు. సోడాబండి అతను గంట ఆపాడు. ఆమె కిటికీలోంచి సగం బయటికి వంగి, బస్సు రేకు మీద వేళ్ల కణుపులతో టక్ టక్‌మని తట్టి, తల పక్కకు వంచి, విన్నట్టు ఆగి, ఆ తర్వాత మొహమంతా నవ్వుతూ అంది:

“అగో, ఉన్నది గద ఇంట్ల మనిషి! ఎన్ని తీర్ల తట్టాలె సిరిసిల్లా, నువ్వు తలుపు తియ్యాల్నంటె!”